నా రోగానికి ఏం వరుసైతది?

ప్రభువునందు ప్రియమైన సంఘమా, సాక్ష్యం చెప్పమని పాస్టరయ్య పిలిస్తే రెండుసార్లు తప్పించుకున్న, ఎందుకంటే బాగైనోళ్లే సాక్ష్యం చెప్తరు, నేనింకా బాగుకాలేదు, మధ్యల దగ్గొస్తే ఆగుత, జర ఓపిక పట్టండి.

కొత్తకోట హైవే మీద నాది పంక్చర్ షాపు. నిరుడు దగ్గుల రక్తం పడ్డది, దవాఖానల కళ్లె పరీక్ష చేసి టీబీ అన్నరు. అప్పటికి నా భార్య రూతుకు ఏడో నెల. కళ్లెలో క్రిములు పోయేదాక దూరముండమంటే ఆమెను అమరచింతకు, పుట్టింటికి పంపినం, ఆడపిల్ల అక్కడే పుట్టింది. సహోదరులారా, నా బిడ్డను నేను ఫోన్లనే చూసిన! ఒక్కసారి పోయి వాకిట్ల నిలబడితే నా మాస్కు చూసి ఏడ్చింది. ఫోన్ల నయముంటినేమో.

ఆర్నెల్లు ఒక్కపూట తప్పకుండ మాత్రలు మింగిన, క్రిములు అట్లనే ఉన్నయి, నేనే సగమైన. మందులకు లొంగని టీబీ కావచ్చన్నరు. మీరంతా ఉపవాసముండి ప్రతి శుక్రవారం నా చుట్టూ నిలబడి, "టీబీ! యేసు నామంలో ఈ బిడ్డను విడిచి బయటికి పో!" అని గద్దించినరు. అది కదలలేదు. దేవుడు నన్ను మరిచిపోయిండనుకున్న. ఒకనాడు మిట్టమధ్యాహ్నం లారీ కింద పడదామని రోడ్డు అంచున నిలబడితే, వచ్చిన లారీ నా ముందరనే ఆగింది, డ్రైవరు తల బయటపెట్టి "తమ్మీ, ఎనుక టైరుల గాలి జర చూడు" అన్నడు. చావబోయినా గిరాకీ ఇడువలేదు! నవ్వకండి, ఆ టైరు విప్పుకుంట ఏడ్చిన. ట్యూబు నీళ్లల్ల ముంచి, "ప్రభువా, బాగుచెయ్యకున్నా సరే, బిడ్డను ఒక్కసారి ఎత్తుకోనియ్యి" అని ప్రార్థించిన.

వనపర్తిల డాక్టరమ్మ నా కళ్లెను హైదరాబాద్ ల్యాబుకు పంపింది. వారాలకు వారాలు గడిచినంక పిలిచి, "క్రిమి జన్యువుల వరుస చదివినం. ఇది టీబీ కాదు, దాని చుట్టం" అన్నది.

నా ఎంబడి వచ్చిన మా అమ్మ ఊకుంటదా? "ఏం వరుసైతది మేడం? అన్నదమ్ముల పిల్లలా?"

"గట్లనే అనుకో అమ్మా. మైక్రోస్కోపు అద్దంల చూస్తే రెండూ ఒక్కతీరు ఎర్రపుల్లలే. జన్యువుల వరుసలనే తేడా దొరుకుతది. ఇది నీళ్లల్ల, మట్టిల బతుకుతది. దీని మందులు వేరే. ఏడాది దాటుతది, తప్పక నయమైతదని మాటియ్యలేను."

అడగాల్సింది ఒక్కటే మిగిలింది: "నా బిడ్డను ఎత్తుకోవచ్చా మేడం?"

"మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదు. పో, ఎత్తుకో."

అంటే ఆ ఎడబాటంతా ఉత్తగనే! మనం ఇన్ని శుక్రవారాలు లోపల లేనోణ్ణి పేరుపెట్టి ఎళ్లగొట్టినం, అసలోడు హాయిగ కూర్చుండి మనతోపాటు ఆమేన్ అన్నడు.

అటునుంచటే అమరచింతకు పోయి మాస్కు తీసిన. నా ముఖం చూసి బిడ్డ ఇంకా గట్టిగ ఏడ్చింది. అయినా ఎత్తుకున్న. ఏడ్చి ఏడ్చి నా భుజం మీదనే నిద్రపోయింది, దగ్గొస్తే లేస్తదని ఊపిరి బిగబట్టుకొని కూర్చున్న.

దేవునికే మహిమ! నేను అడిగిందే ఇచ్చిండు. మీలో ఎవరన్నా రోడ్డు అంచున నిలబడి ఉంటే ఎనుకకు రండి, ఆయనను నమ్మండి, మందులు కూడ మింగండి. నా రోగం పేరు మనకు తెల్వకున్నా, నా పేరు ఆయనకు తెలుసు. శుక్రవారం ప్రార్థన మాత్రం ఆపకండి. కొత్తదాని పేరు బారెడుంది, చీటీల రాసుకొచ్చిన, పాస్టరయ్య కూడబలుక్కొని చదువుతడు.