పాచి మీద ఇసక

మా పుట్టింటి పేట ఆడవాళ్ళందరికీ,

నా రాతలో తప్పులుంటాయి, ఏమీ అనుకోకండి. అక్షరాలు కూడా వంకరగానే ఉంటాయి. చిన్నప్పుడే బడి మానేశాను, ఆ తర్వాత సంతకం తప్ప ఏమీ రాయలేదు. తప్పులు దిద్దుకుని చదవండి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి.

మా అత్త చనిపోయింది. మా ఆయన తల్లి. నా పెళ్ళిలో మన పేట నడిమధ్యన నిలబడి, అడ్డచుట్ట నోట్లోంచి తియ్యకుండానే మీ అందరితో పరాచికాలాడిన మనిషి. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. తెల్లారుతుండగా, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి పోయింది. మీలో కొందరు వచ్చి చూసి వెళ్ళారు. ర్యాంపు మీద జారి పడిందని అందరికీ తెలుసు. ఎలా జారిందో మాత్రం చూసింది నేనొక్కదాన్నే.

మన పేటలోనూ ర్యాంపు పోస్తున్నారని మా అమ్మ ఫోన్లో చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఎంత సిగ్గరినో మీకు తెలుసు. కాపరానికి వచ్చిన కొత్తలో ఎవరేమడిగినా తల ఊపడమే. చేపల గంప ముందు పెట్టి అమ్మమంటే ఒక్క కేకా వేసేదాన్ని కాదు. ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని. పక్క గంప దగ్గర్నుంచి అత్త చూసి చూసి అరిచేది.

“ఏటే గుంటా, అలగ కూకున్నావు? సేపలు అరుత్తాయేటి? నువ్వే అరవాల.”

“నాకు సిగ్గేస్తన్నాది అత్తా.”

“సిగ్గెవులు కొంటారే! వంజరం సేప అయితే కొంటారు గానీ.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేవి. అది చూసి ఆవిడ తన గంప వదిలేసి నా గంప వెనక నిలబడేది. “మా కోడలు మాటాడదు. దాని సేప మాటాడతాది. మొప్పెత్తి సూడండి!” అని కేకేసేది. నా చేపలు అమ్ముడైపోయాకే తన చేపల దగ్గరకి వెళ్ళేది. అప్పటికి ఎండ ఎక్కి, ఆవిడ చేపలు మెత్తబడి ఉండేవి. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తిచూపలేదు.

అడ్డచుట్ట తాగేటప్పుడు నిప్పు నోట్లోపల పెట్టుకుని అంత గట్టిగా ఎలా అరవగలదో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. అడిగితే, “నోరు కాలకండా నేర్సుకున్నాను. నువ్వు నోరు తెరవడం నేర్సుకో” అనేది. పోర్టు వైపు నుంచి బొగ్గుపొడి వచ్చి ఆరేసిన బట్టల మీద పడితే ఆ పోర్టుని తిట్టేది. దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడల్ని కూడా తిట్టేది, వలలకి అడ్డమని. తిట్టినంతసేపూ చేతులు పని చేస్తూనే ఉండేవి.

ఇక ర్యాంపు సంగతి.

మా పేటకి మొదట్లో ర్యాంపు లేదు, ఇసక ఉండేది. సముద్రం ఇసకంతా తినేసి రాళ్ళు తేల్చేశాక సిమెంటుతో ర్యాంపు పోశారు. పడవలు ఎక్కించడం, దించడం సులువైంది. కానీ పోటుకి తడిసి ఆటుకి ఆరే మేరంతా పాచి పడుతుంది. మొదట పచ్చగా, తర్వాత నల్లగా, నూనె రాసినట్టు ఉంటుంది. మన కాళ్ళు ఇసకలో పెరిగిన కాళ్ళు. నెత్తిన బరువుంటే వేళ్ళు ముడిచి ఇసకలోకి గుచ్చి నడుస్తాం. సిమెంటులో వేళ్ళు దిగవు. ముడిచిన వేళ్ళ మీద నిలబడితే ఇంకా జారుతుంది. చెప్పులు వేసుకుందామంటే, పడవ దగ్గరికి చెప్పుల కాళ్ళతో వెళ్ళం కదా.

దానికి అత్త ఒక ఉపాయం చేసింది. రోజూ తెల్లారగట్ల సొట్టలు పడ్డ సత్తు బేసిను పట్టుకుని రాళ్ళ పైకి ఎక్కేది. అక్కడ మిగిలిన కాస్త పొడి ఇసక ఎత్తి తెచ్చి, ర్యాంపు మీద పాచి ఉన్న మేరంతా పిడికిళ్ళతో చల్లేది. ముగ్గు వేసేటప్పుడు మనం వంగుతామే, అలా వంగేది. ఇసక పడితే సర్రుమని చప్పుడయ్యేది. చల్లడం అయిపోయాక కాలితో గట్టిగా తాటించి చూసేది. కాలు కింద ఇసకుంటే మనిషికి ధైర్యం అనేది.

పడవలోంచి మగవాళ్ళు కేకేసేవారు. “అత్తా, ఇసకేసినావా?”

“పరుపేసినాన్రా! దొర్లుకుంటా దిగండి!”

అందరం ఆ ఇసక మీద ధైర్యంగా నడిచేవాళ్ళం. ఆవిడ ఇసక మొదలుపెట్టక ముందు పచ్చగా కనిపించే చోటు చూసుకుని, పక్కనుంచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగేవాళ్ళమని మా పక్కింటి పిన్ని చెప్పేది. ఇసక పడ్డాక ఎవరూ కిందకి చూడలేదు.

ఆ రోజు పడవ ఒడ్డుకి వస్తుంటే తాడు రాళ్ళలో ఇరుక్కుంది. అందరూ అటు చూస్తూ అరుస్తున్నారు. నేను ఖాళీ గంపలతో ర్యాంపు పైన ఉన్నాను. అత్త ఇసక చల్లడం పూర్తి చేసి, అలవాటుగా కాలు తాటించి, తాడు విడిపిద్దామని గబగబా దిగింది. పాలు చల్లారాక గిన్నె వంచితే మీగడంతా ఒక్కసారిగా జరుగుతుంది చూడండి, ఆవిడ కాలి కింద ఇసక అలా జరిగింది. ఇసక కదిలింది, దాని మీద ఉన్న మనిషి కూడా కదిలింది. ఆవిడ అరవలేదు. తడి బట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడైంది, అంతే.

నేను పరిగెత్తుకు వెళ్ళేసరికి ఆవిడ పక్కన రెండు పొడుగాటి గీతలున్నాయి. చుట్టూ ఇసక, గీతల్లో పచ్చటి పాచి. ఒక అల వచ్చి వాటిని తుడిచేసింది. అప్పటికి మిగతావాళ్ళు చేరారు.

మా ఆయన తల్లిని ఎత్తబోతే ఆవిడ పళ్ళు బిగబట్టి, “ఇసక సాలనేదురా. రేపు ఇంకాసి ఎయ్యాల” అంది.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఇంటికి తెచ్చాం. మా ఆయన రాత్రి వేట మానేసి, తెల్లారాక వెళ్ళడం మొదలుపెట్టాడు. లేపి కూర్చోబెడితే నొప్పి, పడుకోబెడితే వీపున పుండ్లు. ఒళ్ళు తుడుస్తుంటే నన్ను ఏడిపించడం మానలేదు. “ఏటే, ఇప్పుడు నోరొచ్చినాదేటి నీకు? నన్నటు తిరుగు, ఇటు తిరుగని కలకటేరు లాగ సెప్తన్నావు!” నాకూ నవ్వొచ్చేది. తర్వాత ఛాతీలో నెమ్ము చేరింది. ఆ దగ్గు మొదలయ్యాక పరాచికాలు తగ్గిపోయాయి. ఒక్క మాట మాత్రం తగ్గలేదు. రోజూ తెల్లారగట్ల కళ్ళు తెరిచి కొడుకుని అడిగేది.

“ఒరే, రేంపు మీద ఇసకేసినావా?”

“ఏసినానమ్మా.”

“మానకు. నా మీద ఒట్టు.”

“మానను.”

ఇసక వల్లే జారావత్తా అని చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. నేను ఆవిడ జుట్టు దువ్వుతున్నాను. ఆవిడ గోడవైపు చూస్తూ, “నాను సేసిన పున్నెం ఏటున్నాదే? గుడి కట్టినానేటి? ఆ ఇసకే. దాని మీద ఎవులూ పడనేదు, నాను తప్ప” అంది. ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.

పోయాక దినాలన్నీ పద్ధతిగా జరిగాయి. కానీ ఆవిడ ఇంట్లోంచి వెళ్ళలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. తెల్లారగట్ల మంచం కిర్రుమంటుంది. మంచం విప్పి అటక మీద పెట్టేశాం, అయినా వినిపిస్తుంది. పడక ముందు నుంచీ ఎడమ కాలు కొంచెం ఈడ్చే ఆవిడ నడక వాకిట్లో వినిపిస్తుంది. టీ పోసేటప్పుడు నా చెయ్యి దానంతటదే ఒక గ్లాసు ఎక్కువ పెడుతుంది. ఆ గ్లాసు ఏం చెయ్యాలో తెలియక చల్లారేదాకా అలా చూస్తూ ఉంటాను.

మొదట్లో అన్నిటికన్నా భయం, బయట సర్రుమని ఇసక పడే చప్పుడు. అది భ్రమ కాదు. మా ఆయన తల్లికిచ్చిన మాట ప్రకారం రోజూ చల్లేవాడు. ఆవిడ వేసినదానికి రెట్టింపు చల్లేవాడు. సాలనేదు అని అంది కదా. ఆవిడ వంగినట్టే వంగి, ఆవిడ తాటించినట్టే కాలు తాటించేవాడు. మసక వెలుతురులో వెనకనుంచి చూస్తే ఆవిడే అనిపించేది. ప్రతిరోజూ ఆ పడబోయే మనిషిని మళ్ళీ చూస్తున్నట్టు ఉండేది.

తర్వాత పక్కింటి పిన్ని అదే చోట పడింది. మణికట్టు విరిగింది. “ఆ పొద్దు అలలెక్కువ, ఇసక కొట్టుకుపోనాది” అన్నారు. మా ఆయన మర్నాడు ఇంకో బేసిను ఎక్కువ వేశాడు. ఆ మర్నాడు పడవ ఇంజను భుజానికెత్తుకుని దిగుతూ ఆయనే జారాడు. పక్కనున్న తాడు చేతికి దొరికింది కాబట్టి నిలబడ్డాడు. ఇంజను మీద పడి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ చెప్పాను.

“మావా, రేపట్నుంచి ఇసకెయ్యకు.”

“ఏటన్నావ్?”

“ఇసకెయ్యకు. పాసి గీకీ. ఇసకేసినా కింద పాసి అలగే ఉంటాది. ఇసక దాన్ని కప్పీస్తాది, అంతే. అత్త ఎలగ పడినాదో నాను సూసినాను. ఇసకే జారినాది.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “మాయమ్మని మాయమ్మ సెయ్యే తోసీసినాదంటావా?”

“అలగన్లేదు.”

“మరేటన్నావ్? దాని పున్నేన్ని పాపం సేత్తన్నావు. పేటోళ్ళు ఇంటే ఏటనుకుంటారు? ఒట్టేసినాను నాను!”

“ఒట్టు నిలబెట్టి నువ్వు పడిపోతే, నాను ఎవుల్తో సెప్పుకోవాల?”

నేనంత గట్టిగా మాట్లాడటం ఆయనెప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారగట్ల బేసినులో ఇసకతో ఎప్పటిలాగే బయలుదేరాడు. నేను వెనకే వెళ్ళాను. పిన్ని కట్టు చేత్తో అక్కడ కూర్చుని ఉంది. మా ఆయన ర్యాంపు దిగి పాచి మొదలయ్యే చోట నిలబడ్డాడు. చాలాసేపు చల్లలేదు. తర్వాత బేసిను పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నిన్నటి ఇసకని అరచేత్తో పక్కకి తోశాడు. అది పొరలా జరిగిపోయింది. కింద నల్లటి పచ్చ. దాని మీద అరచెయ్యి ఆనించి బరువు మోపాడు. చెయ్యి జారిపోయింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ జారింది. అలా ఎన్నిసార్లు చేశాడో. నేను దగ్గరికి వెళ్ళలేదు.

లేచి పడవ దగ్గరికి వెళ్ళి, పడవ అడుగున పట్టిన గవ్వలు గీకే ఇనప రేకు తెచ్చాడు. గీకడం మొదలుపెట్టాడు.

పిన్ని అడిగింది. “ఏట్రా, మీయమ్మ ఇసకేసీది. నువ్వు గీకుతన్నావేటి?”

ఆయన తలెత్తలేదు. “అమ్మ కల్లోకొచ్చినాది పిన్నీ. ఇసకొద్దు, పాసి గీకీమన్నాది.”

పిన్ని మంచి చెయ్యి నుదుటికి ఆనించి దణ్ణం పెట్టుకుంది. “పోనాక కూడా మన కాళ్ళే కాస్తన్నాది, సూడు” అంది. పొద్దెక్కేసరికి ఆ మాట పేటంతా పాకిపోయింది. పడవలు దిగిన మగవాళ్ళు కూడా రేకులు తెచ్చుకున్నారు. ఇప్పుడు పాచి కనబడితే చాలు, ఎవరో ఒకరు గీకుతున్నారు, మా అత్త పేరు చెప్పుకుంటూ. ర్యాంపు తెల్లగా, గరుగ్గా ఉంది. గీకిన తర్వాత ఎవరూ పడలేదు.

నిజంగా కల వచ్చిందా అని నేను ఆయన్ని అడగలేదు. ఆయన నాతో ఆ విషయం ఎత్తలేదు. వేటనుంచి వచ్చి పగటిపూట చాప మీద పడుకున్నప్పుడు మాత్రం, నిద్రలో ఆయన కుడి చెయ్యి కదులుతూ ఉంటుంది. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉంటాను. గీకుతున్నాడో, ఇసక చల్లుతున్నాడో నాకు తెలియదు.

మన ర్యాంపు పోశాక పాచి కనబడగానే గీకండి. బద్ధకించి దాని మీద ఇసక చల్లకండి. సిమెంటు మీద వేళ్ళు ముడవకుండా అరికాలు మొత్తం ఆనించి నడవండి. చదివేశాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టేయండి. ఒక్క ముక్క కూడా మా పేటకి తిరిగి రాకూడదు. గీకమని ఎవరు చెప్పారని మగవాళ్ళు అడిగితే నా పేరు చెప్పకండి. మా అమ్మ వియ్యపురాలు కల్లోకొచ్చి చెప్పిందనండి.