నాయన చెప్పిన రంగు

మా ఇంట్లో పొద్దున్నే కాఫీకంటే ముందు నా మూత్రం మరిగేది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పద్నాలుగో ఏట నాకు చక్కెర జబ్బు వచ్చింది. ముసలితనంలో వచ్చే రకం కాదు, రోజూ సూది పడకపోతే మనిషిని నిలవనివ్వని రకం. తొంభైల నడిమిలో తమిళనాడులోని కోవిల్‌పట్టిలో, మేముండే లైనిళ్ళలో, రక్తం చుక్క చూసి అంకె చెప్పే యంత్రం ఒకటుంటుందని కూడా ఎవరికీ తెలియదు. ఆసుపత్రి కాంపౌండరు నాయనకు ఒక గాజుగొట్టం, ఒక స్పిరిట్ దీపం, ఒక నీలం మందు సీసా ఇచ్చి పద్ధతి నేర్పాడు. గొట్టంలో మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. నీలంగానే ఉండిపోతే ఒంట్లో చక్కెర తక్కువున్నట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఎక్కువున్నట్టు.

నాయనది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల తలలు మందులో ముంచే పని. అక్షరం ముక్క రాదు. అయినా రంగు చూసి సిరంజిలో ఎన్ని గీతలు లాగాలో ఒక్కనాడూ తప్పలేదు. ఇటుక రంగైతే రెండు గీతలు ఎక్కువ, నీలమైతే రెండు గీతలు తక్కువ. ఇన్సులిన్ బుడ్డిని తడిగుడ్డలో చుట్టి మట్టికుండలో పెట్టేవాళ్ళం. సూది పొడిచిన అరగంటకు నేను మూడు ఇడ్లీలు తినాలి. రెండు తింటే ప్రమాదం, నాలుగు తింటే తిట్లు.

అమ్మ కూడా ఆ ఫ్యాక్టరీలోనే పెట్టెల్లో పుల్లలు నింపేది. ఆరింటికి వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోయేది. అందుకని ఒక చేత్తో పొయ్యి, ఇంకో చేత్తో జడ చూసుకుంటూ, “యేం రంగు అయ్యా?” అని అక్కణ్ణించే అడిగేది. నాయన ఒక్క మాటలో రంగు చెప్పేవాడు. ఇడ్లీ ముందు పెట్టాలా, బెల్లం నీళ్ళ చెంబు ముందు అందుకోవాలా అన్నది అమ్మ ఆ మాటను బట్టి తేల్చుకునేది.

అన్ని రోజులూ ఒకేలా జరగవు కదా. తడికట్టెలు మండేవి కావు. పిండి పులిసేది కాదు. సూది మాత్రం ఎవరికోసమూ ఆగదు, లోపలికి పోయాక దాని పని అది చేసుకుపోతుంది. ఒక్కోసారి ముందునాటి సూదే తెల్లవారుజామున పని పట్టేది. అప్పుడు నాకు ‘దిగేది’. ఒంట్లో చక్కెర పడిపోవడానికి మా ఇంటి మాట అది. నాకు తెలిసిన దిగడం ఇంతే: చెమట, వేళ్ళ వణుకు, ఆపైన ఏమీ లేదు. కళ్ళు తెరిచేసరికి మూతీ మెడా బెల్లంతో జిగటగా ఉండేవి, చొక్కా చినిగి ఉండేది. “మయక్కం వచ్చె నీకు. కన్ను తిరిగి పడుకొంటివి” అనేది అమ్మ. నేను నమ్మాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మ ఒంటి మీద దెబ్బలు కనిపించేవి. ఒకసారి కన్ను మూసుకుపోయేలా వాచింది. ఒకసారి చెంప మీద నాలుగు వేళ్ళ వాతలు తేలాయి. ఇంకోసారి చిటికెన వేలు విరిగి నెల రోజులు కట్టుతోనే పుల్లలు నింపింది. నాయన ముంజేతి మీద పళ్ళగాట్లు ఉండేవి. అవి అమ్మవేననీ, కొట్టేవాణ్ణి కొరక్క ఏం చేస్తుందనీ అనుకునేవాణ్ణి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగినప్పుడు, ఇంటాయన చెయ్యి చేసుకున్నాడని అమ్మ తమిళంలో చెప్పడం నా చెవులారా విన్నాను. వాళ్ళు అయ్యో అని కూడా అనలేదు, బిందె నిండిందా లేదా అని చూసుకున్నారు. మా లైనులో మొగుడు కొట్టాడంటే వాన పడిందన్నంత మాట. ఆ మాటకొస్తే మా నల్లరేగడి సీమలో వాన పడడమే పెద్ద కబురు.

నేను నాయనను ద్వేషించాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆయన వంగి నా తొడకు సూది పొడుస్తుంటే, ఆ మెడ వైపు చూస్తూ, ఎక్కడ కొడితే లేవకుండా పడతాడా అని ఆలోచించేవాణ్ణి. పొడిచిన చోట బొటనవేలితో రుద్ది “నొప్పా?” అని అడిగేవాడు. రెండేళ్ళపాటు ఆ ప్రశ్నకు నేను జవాబివ్వలేదు.

అమ్మ తమ్ముడు, మా మామ, విరుదునగర్‌లో పప్పు మిల్లులో మూటలు మోసేవాడు. అక్క వేలు విరిగిన సంగతి ఎవరో చేరవేస్తే ఒక ఆదివారం పొద్దున మొదటి బస్సుకు దిగాడు. నాయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. మామ పలకరించలేదు. బనీను పట్టి లాగి గోడకేసి కొట్టాడు. ముక్కు చితికి నురగతో పాటు రక్తం కారింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. “మా అక్క మీద చెయ్యి వేస్తువా బావా, వేస్తువా?” తన్నిన ప్రతిసారీ అదే మాట. నాయన మామకంటే బలమైనవాడు, తలచుకుంటే ఒంటిచేత్తో ఎత్తి అవతల పారేయగలడు. చేతులు పైకి లేవలేదు. లైనంతా వాకిళ్ళలో నిలబడి చూసింది. అమ్మ వచ్చి “చాలురా, విడువు” అంది తప్ప ఇంకో ముక్క అనలేదు. నేను గడపలో ఇడ్లీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. నాకు పట్టరాని సంతోషమైంది. ఆ తన్నులు చూస్తూనే మూడు ఇడ్లీలూ తిన్నాను.

పదహారు నిండాయి. ఒకరోజు పొద్దున నాకు దిగింది. తెలివి వచ్చేసరికి అమ్మ పనికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చినప్పుడు చూస్తే కింది పెదవి నిలువునా చీలి ఉంది. అన్నం నమలలేక గంజి పోసుకుని తాగింది. ఇక మామ రానక్కర్లేదు, ఈ పని నేనే చేస్తానని అనుకున్నాను.

తెల్లవారింది. లేచి, రోజూలాగే గ్లాసులో మూత్రం పట్టి దీపం పక్కన పెట్టాను. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఇనప ఊదుగొట్టం తీసుకున్నాను. నాయన అగ్గిపుల్ల గీయడానికి వంగాడు. చెవి పక్కన కొట్టాను. ఎముక తగిలిన అదురు నా మోచేతి దాకా వచ్చింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. నాకు మతి పూర్తిగా ఉంది. చెమట లేదు, వణుకు లేదు. కడుపునిండా కోపం ఉంది, అంతే.

నాయన తిరిగి చూశాడు. చెవి తెగి రక్తం మెడ మీదికి దిగుతోంది. ఆ ముఖంలో నేను కోపం కోసం వెతికాను. కోపం లేదు. “దిగినాది” అన్నాడు అమ్మతో, కొళాయిలో నీళ్ళు వచ్చాయని చెప్పినట్టు.

నాయన నా వెనక్కి వచ్చాడు, ఊదుగొట్టం లాగి పడేశాడు, చంకల కింద నుంచి చేతులు దూర్చి బిగించాడు. నన్ను ఒళ్ళోకి లాక్కుని నేల మీద కూలబడి, తన కాళ్ళతో నా కాళ్ళను మెలేశాడు. నా తల తగలకుండా గడ్డం పక్కకు తిప్పుకున్నాడు. ఎన్నిసార్లు దెబ్బ తింటే మనిషికి ఆ ఒడుపు వస్తుందో ఆలోచించండి. అమ్మ గూట్లోంచి చెంబు తీసింది. బెల్లం అందులో ముందే కరిగించి ఉంది.

“విడువండి నన్ను. నాకు దిగలేదు. తెలిసే కొడ్తిని” అని అరిచాను.

“యెప్పుడూ ఇదేగదా చెప్పేది” అంది అమ్మ. “కుడిచెయ్యి గట్టిగా పట్టుకోయ్యా. నిన్న నా పెదివి పగలకొట్టింది ఆ చెయ్యే.”

ఆ చెయ్యి నాది. వాచిన కన్ను, నాలుగు వేళ్ళ వాతలు, విరిగిన చిటికెన వేలు, నాయన ముంజేతి మీది పళ్ళగాట్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా మీద పడ్డాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. అమ్మ నా ముక్కు పట్టి నోరు తెరిపించి పోసింది. గటగటా తాగాను. ఒళ్ళు వదిలేశాను. “తెలివొచ్చె” అంది అమ్మ, కొంగుతో నా మెడ తుడుస్తూ. కాదని నేను చెప్పలేదు. తెలిసి కొట్టిన దెబ్బను జబ్బు మీదికి తోసేసి ఊరుకున్నాను. అంత పిరికిపని నా జీవితంలో మళ్ళీ చేయలేదు.

నాయన చెవికి గుడ్డ అదుముకుని దీపం వెలిగించాడు. గ్లాసులో ఉన్నది దెబ్బలకు ముందు నేను పట్టింది. గొట్టంలో ఆకుపచ్చ వచ్చింది, పసుపు వచ్చింది, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగి అడుగున గసి కట్టింది. ఇటుక రంగు వచ్చిన పొద్దున నాకు ఎన్నడూ దిగలేదు. ఆ సంగతి డాక్టరుకంటే నాయనకు బాగా తెలుసు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“యేం రంగు అయ్యా?” అంది అమ్మ, తన టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

“నీలం” అన్నాడు నాయన.

గొట్టంలోది పెరటి కాలవలో పారబోసి వచ్చి సిరంజి తీశాడు. నేను గీతలు లెక్కపెట్టాను. రెండు ఎక్కువ లాగాడు.

అమ్మ వ్యాను ఎక్కి వెళ్ళాక మేమిద్దరమే మిగిలాం. “నన్ను కొట్టు నాయనా” అన్నాను. ఆయన మూడు ఇడ్లీలు పళ్ళెంలో వేసి నా ముందుకు తోశాడు.

“ఇంకొకతూరి కొట్టాలంటే తినేసి కొట్టు” అన్నాడు. “తినకుండా కొడితే, కొట్టింది నువ్వా, సక్కెరా అని నాకు యెట్ల తెలిసేది?” నవ్వబోయాడు. చెవి లాగినట్టుంది, ఆపేశాడు.

“అమ్మ యేల అందరికీ నీ పేరు చెప్పె?”

“నేనే చెప్పమంటిని. మొగుడు కొట్టినాడంటే ఈ లైను రెండు దినాల్లో మరిసిపోతుంది. కన్నతల్లిని కొడుకు కొట్టినాడంటే సచ్చినా మరవదు. సక్కెర కొట్టిందంటే యెవరు నమ్ముతారురా? కడుపు సించుకుంటే కాళ్ళ మీదనే గదా పడేది. మాట్లాడక సుమ్మా తిను.”

తిన్నాను.

ఆ ఆదివారం ఇంట్లో చెప్పకుండా విరుదునగర్ బస్సెక్కాను. సాత్తూరు దాటేదాకా మామకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. తీరా మిల్లు దగ్గర ఆయన ఎదురుపడితే కూర్చుకున్నవేవీ రాలేదు. అమ్మను కొట్టేది నేను, నాయన కాదు, అన్నాను. మామ మూట దించి, తలగుడ్డ విప్పి, మొత్తం విన్నాడు. నన్ను వెంటబెట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాడు. ఇంటికి రాగానే మామ నాయన కాళ్ళ మీద పడతాడనే అనుకున్నాను.

“వీడు చెప్పేది నిజమా బావా?” అని అడిగాడు.

నాయన నా వైపు చూడలేదు. “పొద్దున తిన్నాడా వీడు?” అన్నాడు. “దిగినప్పుడు వానికి నోట్లో వచ్చిందంతా నిజమే. కొట్టేది నేనే. ఇంక కొట్టను.”

అమ్మ తల వంచుకుంది. మామ నన్ను చూసి జాలిగా “పావం” అన్నాడు. నాయన కాళ్ళ ముందు కాండ్రించి ఉమ్మి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. రోగిష్టివాడి మాటకు విలువ లేకుండా చేయడం ఎంత తేలికో నాకు అప్పుడు తెలిసింది. అంత తేలిగ్గా నా నోరు మూయించినందుకు నాయన మీద నాకు ఈనాటికీ కోపమే.

ఆ తర్వాత జాగ్రత్త పెరిగింది. కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే ఒక అరటిపండు తినేవాణ్ణి. దిగడం తగ్గింది కానీ పోలేదు. దిగినప్పుడు నాయన అమ్మను నా దగ్గరికి రానివ్వడం మానేశాడు. పడాల్సిన దెబ్బలన్నీ ఆయనే పడ్డాడు. ఒకసారి ముందు పన్ను ఊడింది. తాగి పడ్డానని ఫ్యాక్టరీలో చెప్పుకున్నాడట.

రెండువేల సంవత్సరం తర్వాత నాకు విరుదునగర్‌లో ఒక నూనె మిల్లులో గుమాస్తా పని దొరికింది. అప్పటికి వేలు పొడుచుకుని యంత్రంలో అంకె చూసుకునే రోజులు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఒకనాటి ఉదయం నాయన గుండె ఆగి పోయాడు. మా గడప తొక్కడం మానేసిన మామ, అక్క కోసం వచ్చాడు. శవానికి దణ్ణం పెట్టలేదు. అమ్మ పక్కన చతికిలబడి, ఓదార్పు అనుకునే అన్నాడు, “పోనీ అక్కా. ఇంక నీ మీద దెబ్బ పడదు.”

అమ్మ ఒకరి మీద చెయ్యెత్తడం నేను అంతవరకూ చూడలేదు. అందరి ముందూ మామ చెంప మీద కొట్టింది. ఆడవాళ్ళు చేతులు పట్టుకోబోతే విదిలించుకుని మళ్ళీ కొట్టింది. మామ పెదవి చిట్లింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి చూశారు. నా మొగుడు నన్ను ఒక్కనాడు కూడా కొట్టలేదు, అంది అమ్మ. మా తెలుగులో అనలేదు, లైనంతటికీ అర్థమయ్యేలా తమిళంలో అంది.

మరి ఎవరు కొట్టారని ఎవరో అడిగారు. అమ్మ మాత్రం నాయన పక్కన అలాగే కూర్చుంది, అప్పుడు కూడా నన్ను బయటపెట్టలేదు.

మామ చెంప పట్టుకుని మెల్లగా నా వైపు తిరిగాడు.

నేనే, అన్నాను. నేనూ తమిళంలోనే అన్నాను.