క్షేమం అని బదులు పలికే గుడి

పోయేముందు నా భార్య కరుణ ఒక్క పని అడిగింది. "మా ఊరి గుడి పుస్తకంలోంచి నా పేరు కొట్టేయించండి. ఫోనులో చెబితే ఒప్పుకోరు. మీరే వెళ్లాలి." సరే అన్నాను. అది జనవరి. నేను బయల్దేరింది డిసెంబరు మొదటి ఆదివారం. గవర్నర్‌పేటలో మా ఇంటి నుంచి బస్టాండుకు ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం దాటడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి, డెల్టాలోని పాత మిషను గుళ్లకు, అంటే చర్చిలకు, దారి చెప్పమని కొందరు అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకు అవనిగడ్డ బస్సు దొరికింది. ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడికి రెండు గంటల లోపే. టికెట్టు వందకు అటూ ఇటూ. కంకిపాడు దాటగానే మంచు కమ్మేసింది. డ్రైవరు లైట్లు వేసి, హారన్ మోగిస్తూ నడిపాడు. కోతలైన చేలల్లో వరి కుప్పలు ముసుగేసుకుని కూర్చున్న మనుషుల్లా వరసగా కనిపించి మాయమవుతున్నాయి. కూచిపూడి సెంటర్లో దిగి టీ తాగాను. అక్కడి నుంచి ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆటోకి నూట యాభై అన్నాడు. బేరం ఆడలేదు.

"ఏ గుడికండీ? మైకున్నదా, మైకు లేనిదా?" అన్నాడు డ్రైవరు.

"పాతది."

"మైకు లేనిదన్నమాట. ఆ గుళ్లో ఉన్నోళ్లకన్నా లేనోళ్లే ఎక్కువ మంది పలుకుతారంట సార్. మా ఆవిడైతే నెల మొదటాదివారం ఆ దారిన పాలకి కూడా రాదు."

"నువ్వొస్తున్నావుగా."

"నూట యాభై ఇస్తున్నారు కదండీ," అని నవ్వాడు. కానీ గుడి దాకా రాలేదు. కాలవ వంతెన ఇవతలే దింపి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పెంకుల కప్పు, సున్నం గోడలు, తలుపులు లేని కిటికీలు. మంచు ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతోంది. లోపల చాపల మీద పదిహేను మంది ఉంటారేమో. మధ్య మధ్య ఖాళీలు వదిలి కూర్చున్నారు. జరిగి కూర్చుంటే అందరూ రెండు చాపల్లో సరిపోతారు. ఎవరూ జరగలేదు. నేను వెనక గోడ పక్కన కూర్చున్నాను.

ఆ గుడి పద్ధతి కరుణ ఎప్పుడో చెప్పింది. నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు, సంఘంలోని పేర్లన్నీ చదువుతారు. ఉన్నవాళ్లు "ఉన్నాను" అంటారు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలకి, పనుల మీద ఊరు విడిచినవాళ్లకి బదులుగా ఇంట్లో ఒకరు "క్షేమం" అంటారు. మనిషి పోతే వాళ్లింటివాళ్లు గుళ్లో నిలబడి ఆ మాట చెప్పాలి. అప్పుడే పేరు కొట్టేస్తారు. అందాకా పిలుస్తూనే ఉంటారు, ఎవరో ఒకరు పలుకుతూనే ఉండాలి.

పాస్టరు అయ్యగారు పుస్తకం తెరిచారు. ముప్పై ఏళ్లుండవు ఆయనకి. పేరు చదివి, ఆగి, తల ఎత్తి చూసి, మళ్లీ చదువుతున్నారు. మధ్య మధ్య ఒక "ఉన్నాను." తక్కినవన్నీ "క్షేమం", "క్షేమం." ఒకే గొంతు ఏడు పేర్లకి పలికింది. ప్రతి పేరుకీ అందరూ ఒక ఖాళీ వైపు చూస్తున్నారు. కాసేపటికి నాకూ గుడి కిక్కిరిసి ఉన్నట్టనిపించి, కాళ్లు దగ్గరికి తీసుకున్నాను.

"కరుణ."

"క్షేమం."

అది కరుణ గొంతు. పోలిక కాదు. ఆ మాట చివర కాస్త సాగదీసే తీరుతో సహా ఆమెదే. ఆడవాళ్ల వైపు చూశాను. గొంతు వచ్చిన చోట మంచు తప్ప ఏమీ కనిపించలేదు. మంచు కదిలాక తెల్లచీరలో ఒక ముసలావిడ కనిపించింది. కరుణ పిన్ని, దీనమ్మ గారు. ఒక పోయిన మనిషి గురించి నెలనెలా ఆవిడ చేత అబద్ధం చెప్పించానని నాకు అప్పుడు అర్థమైంది. లేచి చెప్పాల్సింది. లేచాను కానీ, వరండాలోకి వచ్చేశాను. తర్వాతి పేర్లు వినలేదు.

ఆరాధన అయ్యాక ఆవిడే నా దగ్గరికి వచ్చింది.

"పదకొండు నెల్లకి దారి తెలిసిందా అల్లుడు గారూ?"

"మీకు తెలుసా చిన్నత్తయ్యగారూ?"

"మట్టి చేసిన రోజే తెలుసు. మోకాళ్లు కదలక రాలేకపోయాను."

"తెలిసీ క్షేమం అన్నారా?"

"అబద్ధమా అది? కరుణ ప్రభువు దగ్గరుందని నాకు తెలీదా, మీకు తెలీదా?" చేతికర్ర నా చెప్పుల పక్కన ఆనించింది. "నే చెప్పిన అబద్ధం మీ గురించి. దాని పేరు కిందే మీ పేరుంది, పెళ్లైన కాడ్నించీ. నెలనెలా జయపాల్ క్షేమం అంటన్నాను. ఈ పదకొండు నెల్లూ మీరు క్షేమంగా ఉన్నారా?"



అయ్యగారు మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. పుస్తకం చూపించారు. "ఇది ముందు రెండు పుస్తకాలండి. ఊళ్లో కులానికొకటి, రెండు పేటలు కదా. గుడి ఒక్కటే, పుస్తకాలు రెండు, బల్ల దగ్గర గిన్నెలు కూడా రెండు."

"ఎప్పుడు కలిపారు?"

"బైబిలు వాక్యం చెబితే కలవలేదంటండి. రెండిటికీ చెదలు పట్టాక కొత్తది ఒక్కటే కొన్నారు."

"చెదపురుగులకున్న భక్తి మా వాళ్లకి లేదు," అంది దీనమ్మ గారు.

యూరప్‌లో మతసంస్కరణ గురించి నేను క్లాసులో చెప్పింది వేరు. పాపక్షమాపణ డబ్బుకి అమ్మకూడదన్నారు, వాక్యం సొంత భాషలో ఉండాలన్నారు, ప్రతి మనిషీ దేవుడి ముందు తనంతట తాను నిలబడాలన్నారు అని మార్కులకు సరిపడా చెప్పాను. అవి ఈ కాలవ గట్టుకు వచ్చేసరికి ఏమయ్యాయో చెప్పలేదు. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవని మనుషుల్ని, ఫలానావాడి పెళ్లాం అని తప్ప పేరు లేని ఆడవాళ్లని, ఇక్కడ నిలబెట్టి పేరుతో పిలిచారు. ఆ పేర్లనే పేటల వారీగా విడగొట్టారు కూడా. రెండూ ఒకే గుడి చేసిన పనులు. విజయవాడలో నేను వెళ్లే చర్చిలో ఆదివారం మూడు ఆరాధనలు, పెద్ద తెర. ఈ పదకొండు నెలలు నేను అక్కడికి వెళ్లలేదు. ఎవరూ అడగలేదు. రోజూ ఫోనుకి వాక్యం మాత్రం వచ్చేది.

"కొట్టమంటారా?" అయ్యగారు కలం తీశారు.

"పిలిచాకే," అంది దీనమ్మ గారు.

ఆయన లేచి నిలబడి, ఖాళీ గుడి వైపు తిరిగి చదివారు. "కరుణ."

మంచు ఇంకా పూర్తిగా పోలేదు. ఆడవాళ్ల వైపు చాప మీద ఒక ఖాళీ. అక్కణ్నుంచి ఏదైనా వినబడుతుందేమోనని ముగ్గురం ఆగాం. నిజంగానే ఆగాం. తర్వాత నేను లేచాను. "వెళ్లిపోయింది" అన్నాను. కలం గీత గీసిన చప్పుడు వినిపించింది.

ఆయన వేలు కింది వరసకు దిగింది. "జయపాల్."

అలవాటుగా దీనమ్మ గారి వైపు చూశారు. ఆవిడ పెదవులు బిగించి, కిటికీ బయటికి చూస్తోంది.

"ఉన్నాను," అన్నాను.

పదకొండు గంటల బస్సులో తిరిగొచ్చాను. మంచు విడిపోయింది. కుప్పలు కుప్పల్లాగే ఉన్నాయి. పోయినవారి కోసం ప్రార్థించడం మా పద్ధతి కాదు. ఆ గుళ్లోనూ ఎవరూ ప్రార్థించలేదు. పిలిచి, బదులు వచ్చేదాకా ఆగారు, అంతే. మనం పూర్వుల నుంచి నేర్చుకోవలసింది పెద్ద విషయం కాకపోవచ్చు. పక్కన కూర్చునే మనిషి పేరు తెలుసుకోవడం, రాని వారం అడగడం. రెండు పుస్తకాలుంటే చెదలు పట్టేదాకా ఆగకపోవడం. ఆ చివరి మాట పదకొండు నెలలు ఆగిన నాకు కూడా.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సూచన. మొదటి ఆదివారం ఎనిమిదిన్నర లోపు గుళ్లో ఉండండి. ఆటో వంతెన దాటి రాదు, అక్కణ్నుంచి నడక పది నిమిషాలు. లోపల ఎక్కడ కూర్చోవాలో మాత్రం అడిగి కూర్చోండి. ఖాళీగా కనిపించే చోట్లన్నీ ఖాళీ కాదు.