అడుగుల డబ్బా

పటాన్‌చెరులో మా స్కూలు కబడ్డీ జట్టు కోసం ఆటల సార్ ఎక్కడినుంచో అడుగులు లెక్కపెట్టే డబ్బా ఒకటి తెచ్చాడు. అగ్గిపెట్టెంత ఉండేది. దాన్ని నడుముకు తగిలించుకుని ఆడితే ఎవడెంత కష్టపడ్డాడో అంకెల్లో తెలుస్తుందట. రోజుకొకరికి పెట్టి చూశాడు.

అందరికంటే తక్కువ నాకే వచ్చింది. రాదా మరి? నేను కార్నర్‌లో ఆడేవాణ్ని. కూతకొచ్చినవాడు దగ్గరయ్యేదాకా కదలకుండా కాచుకుని, వాడి కాలు దొరకబట్టి, ఈడ్చినా తన్నినా వదలకపోవడమే నా పని. మోచేతులు చెక్కుకుపోయేవి, ఊపిరాడేది కాదు. అదేదీ డబ్బా లెక్కలోకి రాలేదు.

“నువ్వు నిలవడుడు తప్ప ఏం జేస్తలేవురా” అని సార్ నన్ను పక్కనబెట్టి, బాగా పరుగెత్తే ఇంకొకణ్ని నా చోట నిలబెట్టాడు. జిల్లా పోటీల్లో మొదటి ఆటే ఓడిపోయాం. కూతకొచ్చిన ప్రతివాడూ మావాణ్ని తాకి గీత దాటిపోయాడు. మావాడు వెంటపడి పరుగెత్తుతూనే ఉన్నాడు. ఆట అయ్యాక సార్ వాడి నడుము నుంచి డబ్బా తీసి నాకు చూపించాడు.

“సూడు, ఎంత ఉరికిండో!”

“ఒక్కణ్ని గూడ పట్టలే గద సార్” అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

నేను మళ్లీ బరిలోకి దిగలేదు. ఇప్పుడు మందుల కంపెనీలో పెద్ద మిషన్ పక్కన, ఒత్తిడి చూపే ముల్లు మీద నుంచి కన్ను తిప్పకుండా షిఫ్టంతా నిలబడతాను. డ్యూటీ దిగేసరికి కాళ్లు వాచిపోతాయి. అటుగా వచ్చిన సూపర్‌వైజర్ అంటాడు:

“ఖాళీగనే నిలవడ్డవ్ గద, జెర గా డ్రమ్ములు జరుపు.”

ముల్లు మీద ఒక కన్నేసి ఉంచి జరుపుతాను.