సుగుణక్క గిటారు మెడ

నేనొక గిటారును చంపాను. అదీ ప్రేమతో! నవ్వుకోండి గానీ, మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తిరుపతిలో బైకుల షెడ్డులో పని, సాయంత్రాలు సుగుణక్క దగ్గర గిటారు పాఠాలు. ఆమె ఎలక్ట్రిక్ గిటారు మీద కీర్తన వాయిస్తే వీణలు కూడా తలదించుకోవాల్సిందే. చిత్తూరులో కచేరీ ఉందనగా, రెండు రోజుల పనిమీద పాకాలకు వెళ్తూ గిటారు నా చేతిలో పెట్టింది.

“తీగలు మార్చి పెట్టప్పా. ఇంకేం ముట్టొద్దు.”

మార్చాను. చూద్దును కదా, మెడ మీద వేళ్లు నొక్కే పలకకు తీగలు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి! పాపం, మెడ వంగిపోయినా అక్కకు తెలియలేదని జాలిపడ్డాను. ఆమె వాయించడం ఇరవై ఏళ్లుగా, నేను ఎనిమిది నెలలుగా. అయినా జాలి నాదే!

ఫోనులో వీడియో చూశాను. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుందట, బిగిస్తే మెడ నిటారవుతుందట. ఇది పాతకాలపు తీరు గిటారు కాబట్టి, తిప్పే నట్టు మెడ అడుగున దాక్కుంది. నాలుగు స్క్రూలు విప్పి మెడ ఊడదీస్తే గానీ అందదు. షెడ్డులోనే ఊడదీశాను.

“యాడిదప్పా ఆ మెడకాయ?” అన్నాడు మా మేస్త్రి.

“అక్క గిటారుది. సరిచేస్తా ఉండా.”

“ఆయమ్మ సెప్పిందా?”

“లేదు. వచ్చి సూసి సంతోషపడతాది.”

“బండి కాదప్పా అది. వద్దు.”

విన్నానా? పావు చుట్టు తిప్పి, మెడ బిగించి చూశాను. అంతే ఎత్తు. మళ్లీ విప్పి, మళ్లీ పావు. అంతే ఎత్తు. మూడోసారికి ఓపిక చచ్చి, ఇంజను బోల్టు బిగించినట్టు ఒక్క పట్టు పట్టాను.

టక్.

కడ్డీ తెగింది, ఇక ఆ మెడ పనికిరాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఏకంగా మెడకే మందేశాను.

అక్క రాగానే మెడ తెచ్చి ఆమె ముందు పెట్టాను. “తీగలు ఎత్తుగా ఉండాయని... దించుదామని...”

ఆమె ఆ మెడను చాలాసేపు నిమిరింది. “ఆ ఎత్తు నేనే పెట్టించుకున్నానప్పా. తీగల మింద ఉక్కు గొట్టం జార్చి వాయిస్తాను గదా? కిందుంటే గొట్టం పలకకు తగల్తాది. నువ్వు సూడలేదా?”

చూశాను. ఎనిమిది నెలలు, ఎదురుగా కూర్చుని.

చిత్తూరులో ఆమె అరువు గిటారుతో వాయించింది. జనం చప్పట్లు కొట్టారు, ఆమె తలెత్తలేదు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదు. సిగ్గుతో నేనే పాఠాలు మానేశాను. తెగిన కడ్డీ కంటే ఆ మానేయడమే ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకే గుండు కొట్టించుకుని మరీ ఒట్టు పెట్టుకున్నాను: అడగనిదే ఎవరి మెడా సరిచేయను. ఇప్పుడు మా ఆవిడ మెడ పట్టేసిందని మూలిగినా, “నొక్కమంటావా?” అని మూడుసార్లు అడిగి గానీ చెయ్యి వెయ్యను.