వానకి ఆగుద్దా?

దర్శి దగ్గర పల్లెలో ఉండే మా మిలిటరీ పెదనాన్నకు ఒక అలవాటు ఉండేది. సన్మానం చేసి ఎవరు శాలువా కప్పినా దాని అంచును వేళ్లతో నలిపి చూసి, "వానకి ఆగుద్దా ఇది?" అని అడిగేవాడు. కప్పినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు.

యుద్ధంలో కాలికి తూటా తగిలి ఇంటికొచ్చిన మనిషి. అప్పుడు ప్రభుత్వం ఇస్తానన్న పొలం రానేలేదు. శాలువాలు మాత్రం ఏటా వచ్చేవి. ఆయన కౌలుకు మిరప వేసుకునేవాడు.

ఒక రిపబ్లిక్ డేకి గుంటూరు నుంచి మా బుల్లెట్ బళ్ల బృందం ఆయన్ని సన్మానించడానికి వెళ్లింది. గౌరవంగా ఉంటుందని, మిరపకాయలు ఆరబోసిన ఆయన కల్లం చుట్టూ జెండాలు కట్టిన బళ్లతో ప్రదక్షిణ చేశాం. ఘాటు లేచింది. "ఈ జాతి మీకు రుణపడి..." అంటూనే మా ప్రెసిడెంటు తుమ్మాడు. వెనకే మేమందరం తుమ్మాం. పెదనాన్న ఒక్కడే కదలకుండా అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఆయన మేం కప్పిన కొత్త శాలువాను భుజం మీంచి లాగి కాయల మీద పరిచాడు. పెద్దమ్మ ఇంట్లోంచి పాత శాలువాలన్నీ కలిపి కుట్టిన దుప్పటి తెచ్చింది. అదీ చాల్లేదు.

"ఏందిరా చూస్తన్నారు? ఆ కోట్లు ఇప్పండి," అన్నాడు.

మా లెదర్ జాకెట్లన్నీ మిరపకాయల మీదికి వెళ్లాయి. మేం బనియన్లతో తడుస్తూ నిలబడ్డాం. ఆయన ఒక జాకెట్ అంచు నలిపి చూసి, మాకు సెల్యూట్ కొట్టాడు.

"యుద్ధం నుంచి వచ్చాక నాకు జరిగిన సన్మానాల్లో వానకి ఆగింది ఇదొక్కటేరా."

జాకెట్లు మాత్రం తిరిగివ్వలేదు.