ప్రశ్న గుర్తున్న ఆక్టోపస్‌లు

కాలేజీల జంతుశాస్త్రం చెప్తా. ఆక్టోపస్‌ల పాఠం వచ్చినప్పుడల్లా పటం కాడ ఒక బస్సు ప్రయాణం యాదికొస్తది.

ఆ దినం ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సుల, నా ఒళ్లె ఉన్న పుస్తకాన్ని పక్క సీటామె శానాసేపు చూసింది. ఒకే జాతి ఆక్టోపస్‌లు ఏయే సముద్రాలల్ల ఉంటయో రంగులేసి చూపిన పటం అది.

“గిండ్ల మస్కట్ ఏడుంది చెల్లె?”

చూపించిన. ఆ ఒడ్డుకు గుడ రంగుంది. ఆమె దాని మీద వేలు పెట్టింది. సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు బందైతే పెనిమిటి ఆడికి పోయిండట. ఏండ్లాయె, ఫోన్ లేదు. ఉన్నడో లేడో చెప్పేటోళ్లు లేరట.

“గీ పటం కిందికున్నయాటికి ప్రశ్న గుర్తేంది?”

“ఆడ ఉన్నయి గీ జాతియో కాదో ఇంకా తేలలే అక్కా. సరైన నమూనా దొరకలే.”

“దొరకకుంటే?”

“గట్లనే పక్కకు పెడ్తరు,” అన్న, పిల్లలకు చెప్పినట్టే.

అంతల జాతరకు పోయొస్తున్న ఆడోళ్లు ముందు సీట్లకెల్లి లేచి, ముత్తైదువలకు కుంకుమ పెట్టుకుంట వచ్చిన్రు. నాకు పెట్టిన్రు. ఆమె మెడల పుస్తెలున్నయి, నొసట బొట్టు లేదు. పళ్లెం పట్టుకున్నామె ఆగింది.

“పెట్టాల్నా అక్కా?”

ఆమె కొంగు నొసటి మీదికి గుంజుకుంది.

“నాది ఇంకా తేలలే. మీరు పోన్రి.”

పళ్లెం వెనక సీటుకు పోయింది. ఆమె వేలు మస్కట్ మీదనే ఉన్నది.